తాబేలు పిల్లల బల్ల: 24 బొమ్మలు, 4 తాళ్లు, ఒక హైమాస్ట్ దీపం

డిసెంబరు మొదటి పక్షంలో విశాఖ బీచ్‌రోడ్డు పక్కన, నడకదారి మీద, 12 సాయంత్రాలు నిలబెట్టిన బొమ్మల బల్ల తయారీ డైరీ ఇది. భీమిలిలోనో, కాకినాడలోనో, చీరాలలోనో ఎవరైనా ఇలాంటిది చేసుకోవాలనుకుంటే మేం పోగొట్టుకున్న డబ్బూ సమయం వాళ్లు పోగొట్టుకోకూడదని రాస్తున్నాను.

ముందు బల్ల చేసే పని. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న చెక్క మీద ఇసుక. ఇసుక మీద 24 చెక్క తాబేలు పిల్లలు. ఒక్కో పిల్లకి వెలుగును పసిగట్టే రెండు కళ్లు. వెలుగు ఎటు ఎక్కువుంటే అటు తిరుగుతుంది. బీచ్‌రోడ్డు దీపాల వల్ల 24 పిల్లలూ సముద్రానికి వీపు పెట్టి రోడ్డు వైపే చూస్తూ ఉంటాయి. వచ్చినవాళ్లు తాడు లాగితే తాటాకు తడిక పైకి లేచి రోడ్డు వెలుగును ఆపుతుంది. అప్పుడు పిల్లలు ఒక్కొక్కటిగా సముద్రం వైపు తిరుగుతాయి. తాడు వదిలితే మళ్లీ రోడ్డు వైపే.

మా ఒడ్డుకి గుడ్లు పెట్టడానికి వచ్చేవి ఆలివ్ రిడ్లే తాబేళ్లు. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఒడ్డెక్కి, ఇసుకలో సుమారు 45 సెంటీమీటర్ల గొయ్యి తవ్వి, వంద పైచిలుకు గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. రాత్రి చీకట్లో పైకొచ్చిన పిల్ల, దిగంతంలో కిందుగా ఎటు వెలుగు కనిపిస్తే అటు నడుస్తుంది. దీపాలు లేని ఒడ్డున ఆ వెలుగు సముద్రం మీది ఆకాశానిదే. దీపాలున్న ఒడ్డున అది రోడ్డుది. రోడ్డు వైపు నడిచిన పిల్లని కుక్కలు, కాకులు, బండి చక్రాలు, తెల్లారాక ఎండ మింగేస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి ఇది. పులి ఉన్నదీ ఆ షెడ్యూలులోనే. అయినా ఒక బల్బు దాన్ని చంపగలదు.

మరబోట్లు లాక్కెళ్లే ట్రాలు వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోయే పెద్ద తాబేళ్లే ఎక్కువ కదా, వాటి గురించి ఎందుకు చేయలేదని చాలామంది అడిగారు. అది నిజంగా పెద్ద సమస్య. కానీ సాయంత్రం బీచ్‌కి షికారుకొచ్చిన కుటుంబం చేతిలో ట్రాలు వల ఉండదు. ఫోను టార్చి ఉంటుంది, ఇంటి డాబా మీద దీపం ఉంటుంది. వాళ్ల చేత్తో వాళ్లు చేయగలిగిన పనినే బల్ల మీద పెట్టాలనుకున్నాను.

పనిచేసింది ముగ్గురం. బొమ్మ, చెక్క పని నాది. వైరింగ్, కోడ్ తమ్ముడిది. కుట్టుపని, లెక్కలు వదినవి.

దశ 1: పారేసిన మొదటి నమూనా

మొదట అనుకున్నది వేరు. చక్రాల మీద పరిగెత్తే చిన్న పిల్లల్ని చేసి, నేరుగా బీచ్ ఇసుకలో వదలాలనుకున్నాం. రెండు చేశాం. పొడి ఇసుకలో మొదటిది 40 సెంటీమీటర్లు పోయి కూరుకుపోయింది. రెండోదానికి చక్రాలు వెడల్పు చేస్తే మీటరున్నర పోయింది. ఆ తర్వాత గేర్లలో ఇసుక దూరి ఆగిపోయింది.

అంతకంటే పెద్ద తప్పు మాకు అటవీ శాఖ గుడ్ల సంరక్షణ కేంద్రం దగ్గర తెలిసింది. కంచె వేసిన ఆ చోట, కుక్కలు తవ్వేయకుండా ఒడ్డు పొడవునా ఏరి తెచ్చిన గుడ్లను మళ్లీ పాతిపెడతారు. అక్కడ కాపలా ఉండే పెద్దాయనకి మా ఆలోచన చెప్పాను. ఆయన అన్నమాట: "ఏటమ్మా, దీపాలొద్దని సెప్పడానికి ఇసకలో దీపాలెడతావా? తల్లి తాబేలు ఆ ఎలుగు సూసి ఎనక్కెల్లిపోద్ది."

ఆ మాటతో మూడు నియమాలు రాసుకుని గోడకి అంటించాం.

1. బల్ల ఇసుక మీద కాదు, రోడ్డు పక్క నడకదారి మీదే.
2. బల్లకి సొంత దీపం ఒక్కటీ ఉండదు. ఉన్న వెలుగుతోనే పని.
3. గుడ్ల కాలం మొదలవకముందే తీసేయాలి.

రెండో నియమం మా పనిని చాలా కష్టం చేసింది. ఎందుకో దశ 3లో చెబుతాను.

ఇప్పటికి ఖర్చు: ₹1,640. గంటలు: 22.

దశ 2: పరిగెత్తడం మానేసి తిరగడం

పిల్ల నడవక్కర్లేదు, మొహం తిప్పితే చాలు. ఈ ఒక్క నిర్ణయంతో సగం సమస్యలు పోయాయి. ఒక్కో పిల్ల కింద ఒక చిన్న సర్వో మోటారు. అది 180 డిగ్రీలు తిరుగుతుంది. రోడ్డుకీ సముద్రానికీ మధ్య కావలసింది సరిగ్గా అంతే.

సామాన్లు:

1. ఎస్‌జీ90 సర్వోలు 30 (24 వాడకానికి, 6 విడిగా): ₹3,300
2. 16 సర్వోలు నడిపే పీసీఏ9685 బోర్డులు 2: ₹700
3. 16 దారుల మల్టీప్లెక్సర్లు (16 కళ్ల సిగ్నళ్లని వంతులవారీగా ఒకే వైరు మీదికి పంపే చిప్పులు) 3: ₹450
4. ఆర్డుయినో నానో (కళ్లు చదివి, కోడ్ నడిపే చిన్న బోర్డు): ₹300
5. ఎల్‌డీఆర్‌లు (వెలుగును పసిగట్టే కళ్లు ఇవే) 60: ₹360
6. రెసిస్టర్లు, కెపాసిటర్లు, వైర్లు: ₹400
7. 12 వోల్టుల 7 యాంపియర్ అవర్ బ్యాటరీ, చార్జరు, 5 వోల్టుల కన్వర్టరు: ₹2,250

24 పిల్లలు, 48 కళ్లు. నానోకి వైర్లు తగిలించే కాళ్లు అన్ని లేవు కాబట్టి మూడు మల్టీప్లెక్సర్లు. మూడు పదహార్లు 48, ఒక్కటి కూడా మిగలదు. కొనేటప్పుడు నాలుగోది తీసుకోండి, మాకు ఒకటి కాలిపోయి రెండు రోజులు పని ఆగింది.

మొదటి వైఫల్యం కరెంటు. 24 మోటార్లు ఒకేసారి తిరిగినప్పుడు 6.8 యాంపియర్లు లాగాయి. 5.1 వోల్టులు కాస్తా 4.2కి పడిపోయి నానో రీసెట్ అయ్యేది. అది లేవగానే మళ్లీ అన్నిటినీ తిప్పేది, మళ్లీ పడిపోయేది. తమ్ముడు పెద్ద కన్వర్టరు కొందామన్నాడు. నేను వద్దన్నాను. నిజం పిల్లలు కవాతులాగా ఒక్కసారే తిరగవు కదా. నాలుగేసి చొప్పున, వరస కలగలిపి తిప్పేలా కోడ్ మార్చాడు. గరిష్ఠం 1.5 యాంపియర్లకి దిగింది, చూడ్డానికీ ప్రాణం వచ్చింది. తిరగడం అయిపోయిన మోటారుకి సిగ్నల్ ఆపేస్తే ఆ గుయ్ మనే చప్పుడు కూడా పోయింది.

బ్యాటరీ లెక్క: సగటున 5 వోల్టుల దగ్గర 1.2 యాంపియర్లు, అంటే 6 వాట్లు. కన్వర్టరు నష్టంతో 7. నాలుగు గంటలకి 28 వాట్ అవర్లు. బ్యాటరీలో 84 ఉంటాయి. సీసం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి ఒక చార్జికి ఒక సాయంత్రం నిశ్చింతగా వస్తుంది.

ఇప్పటికి ఖర్చు: ₹9,400. గంటలు: 60.

దశ 3: కళ్లు

ఎక్కువ రోజులు తిన్నది ఇదే. ఎవరైనా ఈ డైరీలో ఒక్క భాగమే చదివేట్టయితే ఇది చదవండి.

ఎల్‌డీఆర్ అంటే వెలుగు పడితే నిరోధం తగ్గే చిన్న బిళ్ల. దానికి జతగా ఒక రెసిస్టరు పెట్టి, మధ్యలో వోల్టేజీ చదువుతాం. నానో దాన్ని 0 నుంచి 1023 దాకా ఒక అంకెగా ఇస్తుంది, వెలుగు ఎక్కువైతే అంకె పెద్దది. పాఠాలన్నిట్లో 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు వాడమని ఉంటుంది. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద బ్రహ్మాండంగా పనిచేసింది. రాత్రి బీచ్‌రోడ్డుకి తీసుకెళ్లి రెండు కళ్లు పెట్టి చూస్తే ఇలా వచ్చింది:

రోడ్డు వైపు, హైమాస్ట్ దీపం కింద: 511.
సముద్రం వైపు: 33.
రోడ్డు వైపే, అట్ట అడ్డం పెట్టి: 17.

అట్ట అడ్డం పెట్టాక సముద్రానికీ రోడ్డుకీ తేడా 16 మాత్రమే. రీడింగ్ మామూలుగానే పదీ పన్నెండూ ఊగుతుంది. పిల్ల ఎటు తిరగాలో తెలియక ఎక్కడిదక్కడే వణుకుతూ ఉండిపోయింది. సొంత దీపం పెట్టుకోం అన్న నియమం లేకపోతే సముద్రం వైపు ఒక నీలి బల్బు పెట్టేసి ఒక్క రాత్రిలో తేల్చేసేవాళ్లం. అలా చేస్తే బల్ల అబద్ధం చెప్పినట్టే.

దారి రెసిస్టరు మార్చడం. 10 కిలో ఓమ్‌లు తీసి 470 కిలో ఓమ్‌లు పెట్టాం.

రోడ్డు వైపు: 1001.
సముద్రం వైపు: 624.
అట్ట అడ్డం పెట్టి రోడ్డు వైపు: 449.

ఇప్పుడు తేడా 175. చీకట్లో తేడా స్పష్టం, వెలుగులో కూడా తేడా మిగిలే ఉంది. మన కంటికి నల్లగా కనిపించే సముద్రం మీద అంత వెలుగు ఉంటుందని నాకు ఆ రాత్రి దాకా తెలియదు. కాసేపు మీటరు పక్కన పెట్టి అటే చూస్తూ నిలబడ్డాను.

ఆ ఆనందం రెండు రోజులే. 48 కళ్లూ కలిపాక వింత మొదలైంది. 7వ పిల్ల మీద చెయ్యి అడ్డం పెడితే 8వది తిరిగేది. వైర్లు మారాయేమో అని మొత్తం విప్పి రెండుసార్లు కట్టాం. తప్పు వైర్లలో లేదు. రెసిస్టరు పెద్దదైతే సిగ్నల్ బలహీనమవుతుంది. నానో లోపల చదివే చోట, ముందు పిల్ల వోల్టేజీ కొద్దిగా మిగిలిపోయి తర్వాతి పిల్ల లెక్కలో కలుస్తోంది. అంటే పక్క పిల్ల చూసిన వెలుగు ఈ పిల్ల చూస్తోంది. విరుగుడు రెండు పనులు:

1. ప్రతి కన్ను దగ్గర, మల్టీప్లెక్సర్ కంటే ముందే, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు నేలకి కలపాలి.
2. దారి మార్చాక 5 మిల్లీసెకన్లు ఆగి, రెండుసార్లు చదివి, మొదటిది పారేయాలి.

తర్వాత ఇంకో చిక్కు. సరిగ్గా రోడ్డు వైపు చూస్తున్న పిల్లకి, తడిక లేచాక రెండు కళ్లలోనూ ఒకే చీకటి. సముద్రం దాని వీపు వెనక ఉంది. తేడా లేదు కాబట్టి కదలదు. కళ్లని ముందుకి కాకుండా పక్కలకి 60 డిగ్రీలు వంచి అమర్చాం. తేడా లేనప్పుడు నాలుగు సెకన్లకోసారి అటూ ఇటూ 20 డిగ్రీలు మొహం ఊపి వెతికేలా కోడ్ రాశాం. ఆ ఊపులో ఏదో ఒక కంటికి సముద్రం అంచు తగులుతుంది, అటు తిరుగుతుంది. ఆ వెతుకులాట చూసినవాళ్లందరికీ గుర్తుండిపోయింది. లోపం సరిదిద్దబోతే బొమ్మకి మనసు వచ్చింది.

ఆఖరిది ఎరుపు. సముద్ర తాబేళ్లని తెలుపు, నీలం వెలుగు బాగా లాగుతాయి. ముదురు పసుపు, ఎరుపు వెలుగు తక్కువగా లాగుతాయి. వచ్చినవాళ్ల ఫోను టార్చికి ఎర్ర జిలెటిన్ కాగితం చుట్టి తేడా చూపించాలనుకున్నాం. కానీ ఎల్‌డీఆర్‌కి ఎరుపు కూడా బాగానే కనిపిస్తుంది. ఎర్ర టార్చి వేసినా పిల్లలన్నీ దాని వెంటే తిరిగాయి. వదిన ప్రతి కంటికీ నీలం జిలెటిన్ కాగితం రెండు పొరలు కత్తిరించి అంటించింది. 48 కళ్లు, 96 బిళ్లలు, ఒక ఆదివారం. వెలుగు సగానికి తగ్గింది. సముద్రం 501కి, అడ్డం పెట్టిన రోడ్డు 332కి దిగాయి. తేడా 169, సరిపోతుంది. ఎర్ర టార్చికి ఇప్పుడు అరమీటరు లోపు ఉన్నవి తప్ప తిరగవు.

బల్ల దగ్గర జనం చదవడానికి పెట్టే బోర్డు మీద ఇది తప్పకుండా రాయండి: ఎర్ర కాగితం ఉంది కదా అని గూడు దగ్గరికి టార్చి పట్టుకెళ్లొద్దు. తక్కువగా లాగుతుందంటే లాగదని కాదు.

దశ 4: ఒళ్లు, బల్ల

పిల్లల ఒళ్లు ఏటికొప్పాకలో చేయించాం. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రని లేతు మీద తిప్పి, లక్క రంగులు పట్టించి బొమ్మలు చేస్తారు. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిజం పిల్ల 4 సెంటీమీటర్లుంటుంది. మేం మూడింతలు, 12 సెంటీమీటర్లు అడిగాం. లేతు మీద గుండ్రంగానే వస్తుంది కాబట్టి, గుడ్డు ఆకారం తిప్పి నిలువునా రెండుగా కోసి, లోపల తొలిచి ఇచ్చారు. ఒక గుడ్డుకి రెండు పిల్లలు. రెక్కలు నేను పల్చటి చెక్కలో కోసి అతికించాను. 26 ఒళ్లు, ఒక్కోటి ₹220.

తొలిసారి బల్లని రాత్రంతా డాబా మీద ఉంచితే, తెల్లారేసరికి లక్క మీద తెల్లటి పొర. పాడైపోయాయనుకుని ఏటికొప్పాక ఫోన్ చేస్తే ఆ కళాకారుడు కంగారు పడలేదు. "చెమ్మ తగిలితే లక్క అలాగే తెల్లబడుద్దమ్మా. నీడలో ఆరనిచ్చి, పొడిగుడ్డతో రుద్దండి. రాత్రి మాత్రం బైట పెట్టకండి." చాలావరకు పోయింది. ఆ రోజే రూపం మార్చాం. కళ్లు, వైర్లు కింద పీఠానికి ఉంటాయి, చెక్క ఒళ్లు పైన టోపీలాగా కూర్చుంటుంది. రాత్రి 10 గంటలకి 24 ఒళ్లూ ఊడదీసి అట్టపెట్టెలో ఇంటికి. మరమ్మతులకి కూడా ఇదే మేలైంది.

సర్వోల ప్లాస్టిక్ గేర్లు వరసగా అరిగిపోయాయి. 85 గ్రాముల ఒళ్లు మోటారు ఇరుసు మీదే కూర్చోవడం ఒక కారణం, ఇసుక రెండో కారణం. మూడు మార్పులు:

1. బరువు మోటారు మీద కాకుండా బల్లకి దిగేలా నైలాన్ బుష్. ముందు వేసిన ఇనుప బేరింగులు సముద్రపు గాలికి తొమ్మిది రోజుల్లో తుప్పు పట్టి బిగుసుకుపోయాయి.
2. మోటారు బల్ల కింద, ఇరుసు ఒక్కటే పైకి. ఇరుసు చుట్టూ ఉన్ని బిళ్ల.
3. లోహపు గేర్లున్న ఎంజీ90ఎస్ సర్వోలు 26, ₹6,240. ఇవే మొదట కొని ఉంటే ₹3,300 మిగిలేది.

ఇసుక బీచ్‌ది వాడొద్దు. అందులో ఉప్పు గాలిలో చెమ్మని లాగుతుంది, కింద చెక్క ఉబ్బుతుంది. ఏటి ఇసుక కడిగి ఎండబెట్టి, జిగురు పూసిన ప్లైవుడ్ మీద చల్లి అతికించాం. ప్లైవుడ్, ఇనుప ఫ్రేము, వెల్డింగ్ కలిపి ₹9,600. బల్ల ఎత్తు 60 సెంటీమీటర్లు. ఐదేళ్ల పిల్లకి బొమ్మలు కంటి ముందుంటాయి.

ఇప్పటికి ఖర్చు: ₹30,960. గంటలు: 143.

దశ 5: తడిక

తడిక ఎంత ఎత్తు లేవాలి? ఇది ఊహించకండి, లెక్కేయండి.

1. దీపం ఎత్తుని దూరంతో భాగించాలి. మాకు 12 మీటర్ల ఎత్తు, 30 మీటర్ల దూరం: 0.4.
2. దాన్ని బల్ల లోతుతో హెచ్చించాలి. 1.2 మీటర్లు × 0.4 = 0.48.
3. దానికి 10 సెంటీమీటర్లు కలపాలి. బల్ల మీద నుంచి సుమారు 60 సెంటీమీటర్లు తడిక లేస్తే ఆఖరి వరస దాకా నీడ పడుతుంది.

మొదట చేసింది 8 అడుగుల పొడవున్న ఒకే తడిక. వెదురు చట్రం, తాటాకు, మొత్తం 11 కిలోలు, రెండు పక్కలా రెండు తాళ్లు. రెండు రకాలుగా విఫలమైంది. ఇద్దరూ సమానంగా లాగకపోతే ఓ పక్క లేచి గాడిలో అడ్డంగా ఇరుక్కుపోయేది. పైగా, పరీక్షకి పెట్టిన సాయంత్రం ఒక బలమైన కుర్రాడు రెండు తాళ్లూ ఒక్కడే పట్టుకుని లాగేశాడు. చుట్టూ ఉన్న ఇరవై మంది వాడినే చూశారు, పిల్లల్ని కాదు.

అప్పుడే మత్స్యకారుల పేట అయిన పెద జాలారిపేట నుంచి ఒక తాత వచ్చి తాడు చేత్తో తడిమి చూశాడు. నైలాన్ తాడు అరచేతిని కోస్తుందని, కొబ్బరి పీచు తాడు వెయ్యమని చెప్పాడు. ముడి తనే వేసి చూపించాడు. "పెద్దవల ఒక్కడు లాగుతాడేటమ్మా? మనిసికో తాడియ్యి."

మనిషికో తాడు. అంతే. తడికని నాలుగు ముక్కలు చేశాం. ఒక్కోటి 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు, రెండున్నర కిలోలు. ఒక్కో తడిక నీడలో ఆరు పిల్లలు. ఒక తాడు లాగితే ఆరే తిరుగుతాయి. 24 తిరగాలంటే నలుగురు కావాలి, నలుగురూ 40 సెకన్ల దాకా వదలకుండా పట్టుకోవాలి. ఇరుక్కోవడం కూడా పోయింది.

ఆ తాతే వెళ్తూ వెళ్తూ ఇంకో మాట అన్నాడు: "మా వల్లో తాబేలడితే వల కోసి వొదిలేసినోల్లం ఉన్నాం. వల పోద్ది మరి. అది కూడా రాయమ్మా." రాశాను.

తడికలు, కప్పీలు, తాళ్లు, మొదటి తడిక వృథా కలిపి ₹5,000.

ఇప్పటికి ఖర్చు: ₹35,960. గంటలు: 184.

దశ 6: ఉప్పు గాలి

పిన్నులతో గుచ్చి కలిపే జంపర్ వైర్లు వాడొద్దు. పదకొండు రోజుల్లో పిన్నులు పచ్చగా మారాయి. అన్నీ సోల్డర్ చేసి, బోర్డుల మీద గోళ్ల రంగు, రంగులేనిది, రెండు పూతలు వేశాం. రబ్బరు అంచున్న పెట్టె, వైరు దూరే చోట చెమ్మ పోకుండా బిగించే గ్లాండులు, లోపల సిలికా జెల్ పొట్లాలు. ₹2,150. ఫ్రేము కాళ్ల మీద 20 కిలోల ఇసుక బస్తాలు నాలుగు. రవాణాకి, జనం చదివే బోర్డుకి ₹3,200.

ఇప్పటికి ఖర్చు: ₹41,310. గంటలు: 199.

దశ 7: పన్నెండు సాయంత్రాలు

నాలుగు తడికలూ ఒకేసారి పైన ఉన్నప్పుడు లెక్కపెట్టేలా అయస్కాంతపు స్విచ్చులు పెట్టాం. కింద ముందున్న అంకె ఎన్నో సాయంత్రమో, తర్వాతిది ఆ సాయంత్రం అలా ఎన్నిసార్లు జరిగిందో.

1 నుంచి 3: 3, 5, 4. మొత్తం 12. చాలా తక్కువ. తప్పు బోర్డుది. తాబేలు జీవితమంతా రాసి పెట్టాను, పద్దెనిమిది వాక్యాలు. జనం నిలబడి చదివి, ఫొటో తీసుకుని వెళ్లిపోయారు. మూడో రాత్రి దాన్ని తీసేసి వెనక్కి పెట్టాను. ముందు ఒకటే రాశాను: "నాలుగు తాళ్లు. నలుగురు కావాలి."

4: 19. మొత్తం 31. పౌర్ణమి. సముద్రం మీద చంద్రుడు లేచాక, తడిక ఎత్తితే పిల్లలు తిరగడానికి పట్టే సమయం 38 సెకన్ల నుంచి 21కి తగ్గింది. స్టాప్‌వాచీతో ఐదుసార్లు చూశాం.

5: 22. మొత్తం 53. ఒక నాన్న, ఇద్దరు ఆడపిల్లలు. మూడు తాళ్లు పట్టుకున్నారు, నాలుగోది ఖాళీ. చిన్నదానికి ఆరేళ్లుంటాయి. దారిన పోతున్న ఒక పెద్దావిడని పిలిచింది: "మామ్మగారూ, ఇది పట్టుకోరా, ఆ ఆరూ ఉండిపోయాయి." ఆవిడ చేతిసంచీ కింద పెట్టి తాడు అందుకుంది. ఆఖరి వరసలో మూలనున్న పిల్ల చాలాసేపు అటూ ఇటూ వెతికింది. ఆ పాప తాడు వదలకుండా, మెడ చాచి, దాన్నే చూస్తూ "ఇటు, ఇటు" అంటోంది. 52 సెకన్లు. తిరిగింది.

6: 17. మొత్తం 70. ఫొటోల కోసం ఫ్లాష్ వేసిన ప్రతిసారీ పిల్లలన్నీ ఫోను వైపు తిరిగిపోతున్నాయి. చీకటికి మళ్లీ సర్దుకోవడానికి ఎల్‌డీఆర్‌కి కొన్ని సెకన్లు పడుతుంది. దీన్ని కోడ్‌లో సరిదిద్దొచ్చని తమ్ముడన్నాడు. అలాగే ఉంచమన్నాను. ఫ్లాష్ వేసినవాళ్లు వెంటనే ఆపేస్తున్నారు, పక్కవాళ్లకి కూడా చెబుతున్నారు.

7: వాన. 0. మొత్తం 70. టార్పాలిన్ కప్పి కూర్చున్నాం. పెట్టెలోకి నీరు పోలేదు.

8: 24. మొత్తం 94. మొదటి తాడు కింది ఆరు పిల్లలు ఎంతసేపు పట్టుకున్నా తిరగడం లేదు. కారణం ఎడమ పక్కన 15 మీటర్ల దూరంలో మొక్కజొన్న కంకుల బండి, దానికి మూడు తెల్ల ఎల్‌ఈడీ బల్బులు. వెలుగు తడిక పక్క నుంచి ఏటవాలుగా పడుతోంది. ఫోనులో వెలుగు కొలిచే మీటరు చూస్తే 6 లక్స్. బల్లకి ఆ వైపు 45 సెంటీమీటర్ల అట్ట రెక్క కట్టాం. పని జరిగింది. మీరు మొదటే రెండు పక్కలా రెక్కలు పెట్టుకోండి.

9: 31. మొత్తం 125. రెండు సర్వోలు పోయాయి, అక్కడే మార్చాం. పది నిమిషాల పని.

10: 28. మొత్తం 153. గాలి ఎక్కువ. రెండో తడిక తాటాకు చిరిగింది. వదిన గోనెపట్టా కుట్టింది. తాటాకు కంటే అదే వెలుగు బాగా ఆపింది, మళ్లీ చేస్తే మొత్తం గోనెపట్టాయే.

11: 21. మొత్తం 174. బండి దగ్గర బేరం లేని సమయంలో కంకులాయన వచ్చి మొదటి తాడు లాగాడు. అట్ట రెక్క ఎందుకని అడిగాడు. చెప్పాను, మీ బల్బుల వల్లనే అని. ఏమీ అనలేదు. బండి దగ్గరికి వెళ్లి మళ్లీ పొత్తులు కాల్చుకున్నాడు.

12: 33. మొత్తం 207. సాయంత్రం బల్ల దించేసరికి బండి మీద మూడు బల్బులకీ నూనె డబ్బా రేకు కోసి టోపీలు వేసి ఉన్నాయి. వెలుగు నిప్పుల మీద, కంకుల మీద పడుతోంది, ఇటు రావడం లేదు. మీటరు చూశాను. 6 ఉన్నది 1 అయింది. అట్ట రెక్క విప్పేసి మొదటి తాడు నేనే లాగాను. ఆరూ తిరిగాయి, 36 సెకన్లు.

12 సాయంత్రాల మరమ్మతులు ₹690. మొత్తం ఖర్చు ₹42,000. బల్ల ఇప్పుడు మా ఇంటి వరండాలో ఉంది. ఒళ్లు అట్టపెట్టెలో, తాళ్లు చుట్టి మేకుకి వేలాడుతున్నాయి. మార్చి దాటాకే మళ్లీ బీచ్‌రోడ్డు.